మిచిగన్ మంచుకు ఖరగ్‌పూర్ లెక్క

జనవరి రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీలకు దిగిందంటే ఖరగ్‌పూర్‌లో మంకీ క్యాపులు బయటికొస్తాయి. ఈ రైల్వే ఊరికి తెలిసిన చలి అంతే. అలాంటి చోట, మలంచలోని ఒక రిటైర్డ్ ఇంజన్ డ్రైవర్ ఇంట్లో 2022 నవంబర్ చివరి పది రోజులూ ఒకే చర్చ నడిచింది. అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో తిరిగే ఒక స్పోర్ట్స్ కారుకు చలికాలపు టైర్లు ఎలాంటివి కొనాలి? రెండా, నాలుగా?

కారు కొడుకుది. ఫోర్డ్ మస్టాంగ్, సెకండ్ హ్యాండ్, ఎర్రది. ఇంజన్ ముందుంటుంది, శక్తి వెనక చక్రాలకు వెళ్తుంది. కొన్న రోజున ఫొటో పంపిస్తే తండ్రి "రెండు తలుపులేనా?" అని మాత్రం అడిగారు. రేపు పిల్లలు పుడితే వెనక సీట్లోకి ఎలా ఎక్కిస్తాడన్నది ఆయన సందేహం. కొడుకు దాన్ని దెప్పిపొడుపుగా తీసుకున్నాడు. ఆ తర్వాత ఇద్దరి మధ్యా కారు ఊసు రాలేదు.

మళ్లీ వచ్చింది ప్రమాదం తప్పాకే. నవంబర్ రెండో వారంలో ఓ ఉదయం, ఆ సీజన్‌లో మొదటి మంచు పలచగా పడిన రోజు, హైవే ఎక్కే దారిలో వంతెన మీద కారు తోక పక్కకు జారింది. గాభరాలో అతను యాక్సిలరేటర్ మీంచి కాలు లాగేశాడు. కారు ఒకటిన్నర చుట్టు తిరిగి, వచ్చే బళ్లకు ఎదురుగా మొహం పెట్టి పక్కనున్న గడ్డిలో ఆగింది. దానికి గీత కూడా పడలేదు. కానీ పక్క సీట్లో ఏడో నెల గర్భంతో భార్య ఉంది. అతను ఈ సంగతి తల్లిదండ్రులకు చెప్పలేదు, విశాఖపట్నంలో ఉన్న అక్కకు చెప్పాడు. రాత్రికల్లా అది మలంచకు చేరింది.

తల్లి తీర్పు వెంటనే వచ్చేసింది: బండి అమ్మేయాలి. అదంత తేలిక కాదు. అప్పు ఇంకా తీరలేదు. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క కారే. ఆస్పత్రి పద్దెనిమిది మైళ్ల దూరం, కాన్పు జనవరిలో. పోనీ పెద్దవాళ్లు వెళదామంటే కోల్‌కతాలో వీసా ఇంటర్వ్యూకు దగ్గర్లో తేదీ లేదు. ఇక మిగిలినవి టైర్లు.

తండ్రికి కార్లు తెలియవు. ఇంజన్లు కాకుండా ఆయన నడిపింది బజాజ్ స్కూటర్ ఒక్కటే. కానీ జారడం గురించి మాత్రం ఆయనకు బాగా తెలుసు.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి ఖలాసీగా వచ్చిన తాతకు ఆయన మనవడు. మథురాకాటీ క్వార్టర్లలో పుట్టి, 1974లో స్టీమ్ షెడ్‌లో క్లీనర్‌గా చేరి, బొగ్గు పారపోసి, డీజిలు, కరెంటు ఇంజన్లు నడిపి 2013లో రిటైరయ్యారు. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం ప్రపంచంలోకెల్లా పొడవైనదన్న గొప్ప గోరఖ్‌పూర్‌కు పోయింది కూడా ఆ ఏడాదే. ఆ కాకతాళీయాన్ని ఆయన ఇప్పటికీ నవ్వుతూ చెబుతారు. కొడుకు ఇంజనీరింగ్ చదివాడు. ఐఐటీ ఉన్న ఊళ్లోనే పెరిగినా అందులో సీటు రాకపోవడం ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని విషయం. తాను నేర్చిన పని కొడుక్కి ఏ విధంగానూ అక్కరకు రాదని తండ్రి ఎప్పుడో తీర్మానించుకున్నారు.

ఆయన ఎక్కువకాలం పని చేసింది టాటానగర్ లైన్లో. హల్దియా రేవులో దిగిన బొగ్గును ఉక్కు కర్మాగారాలకు చేర్చే గూడ్సులవి. ఖరగ్‌పూర్ నుంచి టాటానగర్ దాకా దారి మొత్తంమీద ఎక్కుడే. యాభై ఎనిమిది వ్యాగన్లు నిండా లోడైతే సుమారు 4,700 టన్నులు. లాగే డబ్ల్యూఏజీ-7 ఇంజన్ బరువు 123 టన్నులు, శక్తి 5,000 అశ్వాలు. అంత శక్తీ పట్టాను తాకేది ఒక్కో చక్రం కింద చిన్న నాణెమంత మేర. ఉక్కు మీద ఉక్కు. పొడిగా ఉంటే పట్టు ఫర్వాలేదు. తడిస్తే సగానికి పడిపోవచ్చు.

అన్ని తడులూ ఒకటి కావు. కుండపోత వాన పట్టాను కడిగేస్తుంది కనుక దానితో అంత భయం లేదు. డ్రైవర్లు భయపడేది తొలి చినుకులకు, తెల్లవారుజామున పడే పొగమంచుకు. పట్టా మీది దుమ్ము, తుప్పు, నూనె ఆ కాస్త తడితో కలిసి జారుడు పూతవుతాయి. అప్పుడు డ్రైవర్ పెడల్ తొక్కితే చక్రాల ముందు పట్టా మీద పొడి ఇసుక పడుతుంది. వేల అశ్వాల ఇంజన్‌కు ఇప్పటికీ ఆఖరి ఆధారం గుప్పెడు ఇసుకే. అది తడిస్తే గొట్టంలోంచి దిగదు కాబట్టి షెడ్‌లో ఎండబెట్టి మరీ నింపుతారు.

కొడుకుతో మాట్లాడింది ఒక ఆదివారం ఉదయం ఏడున్నరకు. అక్కడ శనివారం రాత్రి తొమ్మిది. తండ్రి తిట్టలేదు. "కాలు ఒక్కసారిగా తీసేశావా?" అని అడిగారు. అవునన్నాడు. "ఇంజన్ జారినప్పుడు నాచ్ తగ్గిస్తాం గానీ ఒక్కసారి కొట్టెయ్యం రా. బరువంతా ముందుకు పడతాది. వెనక ఏటుంటాది పట్టుకోడానికి?"

మస్టాంగ్ విషయంలో జరిగింది సరిగ్గా అదే. బరువులో సగానికి పైగా ముందు చక్రాల మీదే ఉండే కారది. కాలు తీయగానే మిగతాది కూడా ముందుకు వంగి, వెనక చక్రాలు తేలికై తిరిగిపోయాయి. దానికి తోడు టైర్లు వేసవివి. వెడల్పాటి 255/40ఆర్19 సైజు, నున్నటి రబ్బరు. ఎండలో అవి రోడ్డును అంటుకుని పోతాయి. ఏడు డిగ్రీల సెల్సియస్ దిగువన ఆ రబ్బరు బిరుసెక్కుతుంది. అంటే మంచు పడకపోయినా, పొడి రోడ్డు మీద కూడా, నవంబర్‌లో ఆ టైర్లు ప్రమాదమే. చలికాలపు టైరు రబ్బరు చలిలోనూ మెత్తగా ఉండేలా చేసింది. దాని ముఖం మీద సన్నటి కోతలు వందల కొద్దీ ఉంటాయి. మంచును కొరికి పట్టేది ఆ కోతల అంచులే.

మిచిగన్‌లో ఈ టైర్లు వేసుకోవాలన్న చట్టమేమీ లేదు. కెనడాలోని క్విబెక్‌లో 2008 నుంచి తప్పనిసరి. చట్టం లేనిచోట షాపువాడు 'ఆల్ సీజన్' టైరు చూపిస్తాడు. దాని మీద 'ఎం ప్లస్ ఎస్' అని ఉంటుంది. బురద, మంచు అని దానర్థం. కానీ ఆ అక్షరాలు చెప్పేది టైరు గాడుల తీరు గురించే. మంచు మీద నడిపి చూసి ఇచ్చిన గుర్తు కాదు. చూడాల్సింది మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు పువ్వు ఉన్న బొమ్మ. పరీక్షలో నెగ్గితేనే అది వేస్తారు. అదైనా గట్టిపడిన మంచు మీద లాగే శక్తికే గానీ గడ్డకట్టిన గాజులాంటి ఐసుకు హామీ కాదు. కొడుకు ఇవన్నీ చదివి, లెక్కలు కట్టి, చివరికి ఒక నిర్ణయానికొచ్చాడు. లాగేవి వెనక చక్రాలు కాబట్టి వెనక రెండింటికీ మంచి చలికాలపు టైర్లు, ముందుకు ఆల్ సీజన్. ఖర్చు దాదాపు సగం తగ్గుతుంది. కాన్పు బిల్లులు ఎదురుగా ఉన్నవాడికి అది చిన్న మొత్తం కాదు.

తండ్రి అంతా విని ఒక్కటే అడిగారు. "బ్రేకు ఎన్ని చక్రాలకి పడతాది?"

నాలుగింటికీ.

"మలుపు తిప్పేవి?"

ముందువి.

ఫోన్లో కాసేపు ఏమీ వినపడలేదు. పట్టున్న వెనక టైర్లు బండిని బయల్దేరదీస్తాయి. ముందు టైర్లకు పట్టు లేకపోతే అది తిరగదు, ఆగాల్సిన చోట ఆగదు. పైగా మంచు మీద బ్రేకు బరువును ముందుకే తోస్తుంది. టైర్ల కంపెనీలు కూడా నాలుగూ ఒకే రకం వేయమనే చెబుతాయి. ఇంజనీరు అది చదవకపోలేదు, చదివి పక్కన పెట్టాడు. డబ్బు లెక్క ముందుంటే మిగతా లెక్కలు అలాగే కనిపిస్తాయి.

నాలుగింటికే ఖాయమైంది. సైజు కూడా తగ్గింది: 235/50ఆర్18. ఇరవై మిల్లీమీటర్లు సన్నం, ఒక అంగుళం చిన్న రిమ్ము. టైరు మొత్తం ఎత్తు దాదాపు అంతే. సన్నటి టైరు మంచు మీద తేలకుండా కిందికి కోసుకుపోతుంది. పైగా చౌక. స్పోర్ట్స్ కారు అందం కాస్త తగ్గిందని కొడుకు ఫొటో పంపి వాపోయాడు. కొనేముందు టైరు పక్కన ఉండే నాలుగంకెల తేదీ చూడమన్నది కూడా అతను చదివిందే. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. మంచు టైరు పాతబడితే గాడులున్నా రబ్బరు గట్టిపడుతుంది.

ఇసుక మాట చివర్లో వచ్చింది. వెనక చక్రాల కార్ల డిక్కీలో ఇసుక బస్తాలు వేసుకోవడం అక్కడ పాత అలవాటేనని కొడుకు చెబితే తండ్రి చాలాసేపు నవ్వారు. "ఇసక డిక్కీలో ఏటి, చక్రం ముందు ఉండాల!" తర్వాత ఆలోచించి, లాగే ఇరుసు మీద బరువు మంచిదేనన్నారు. బంగాళాదుంపల లోడులా కదలకుండా కట్టమన్నారు. వానాకాలం బురదలో దిగబడ్డ అంబాసిడర్ వెనక బంపరు మీద ఇద్దరు నిలబడటం ఖరగ్‌పూర్‌లో ఆయన చూసిందే. ఉత్తర్‌పాడాలో 2014లో తయారీ ఆగిన ఆ కారు కూడా వెనక చక్రాలదే. రెండు బస్తాలు కొని కట్టాడు కొడుకు. ఎక్కడైనా ఇరుక్కుంటే చింపి చక్రాల కింద పోయడానికీ అవే.

జనవరి మూడో వారంలో, అక్కడ తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయి. బయట చినుకులు. సున్నా డిగ్రీల దగ్గర పడి, రోడ్డు మీదే గడ్డకట్టే రకం. గట్టి చలిలోని ఐసు కంటే ఇది ఎక్కువ జారుతుంది. డెట్రాయిట్ నగరం కిందే ఉప్పు గని ఉన్న రాష్ట్రంలో రోడ్లకు ఉప్పు కొరత లేదు గానీ, ఆ వేళకు ఉప్పు బండి ఇంకా రాలేదు.

పాప పుట్టిన కబురు మలంచకు రాత్రి తొమ్మిదిన్నరకు చేరింది. తల్లి ఏడుస్తూనే అన్నీ అడిగింది. ఫోన్ తన చేతికొచ్చాక తండ్రి అడిగింది వేరు. ఎన్నింటికి బయల్దేరారు?

"నాలుగూ పదికి."

ఎన్నింటికి చేరారు?

"ఐదూ రెండు." మామూలుగా అరగంట దారి.

జారిందా?

"ఒక్కచోట. ఆ వంతెన మీదే, కొంచెం. మెల్లగా తగ్గించాను నాన్నా."

ఆయన గోడ క్యాలెండర్ మీద ఆ తేదీ పక్కన 4.10, 5.02 అని రాసుకున్నారు. పాప బరువెంతో భార్య చెప్పేదాకా అడగడం గుర్తు రాలేదు.