మానిన చుట్ట మరల నేల?

ధూమపానమువలన గలుగు కీడులనుగూర్చి మన పాఠశాలలో ననేక పర్యాయములు వినియున్నాము. వానిని మేమిచట మరల జెప్పబోము. మానినవారు మరల నేల మొదలిడుదురను ప్రశ్న మా యింటనే పుట్టినది గాన, దానినిగూర్చియే వ్రాయుచున్నాము.

మాది గోదావరి లంకలలో నొక గ్రామము. లంకపొగాకు చుట్ట మా తండ్రిగారికి ముప్పది యేండ్ల చెలికాడు. క్రిందటి సంవత్సరము శ్రమదినములలో వారు దానిని విడిచిరి. మొదటి మూడు దినములు నిద్రపట్టక, చిన్న మాటకును కసరుచుండిరి. పిమ్మట నెమ్మదించిరి. నలువది దినములు చుట్ట ముట్టలేదు. గెలిచితిమని మేమందరము సంతసించితిమి.

పునరుత్థాన పండుగ గడచిన వారమున నొక వివాహములో, భోజనానంతరము పందిరిక్రింద మిత్రులొకరు చుట్ట చేతికిచ్చిరి. "ఒక్కటియే గదా" యనుకొనిరట. ఆ రాత్రియే మా యింట మరల పొగవాసన వచ్చెను. మేము ముగ్గురు బిడ్డలమును మూడు దినములు వారితో మాటలాడలేదు. వారు మా కంటబడక కాలువగట్టునకు బోయి కాల్చుచుండిరి. తగ్గవలసినది హెచ్చెను.

మేము మా సైన్సు ఉపాధ్యాయుల నడిగితిమి. పొగాకులోని నికోటిను రక్తమున గలిసి మెదడును జేరి, అచట హాయి గొలుపు పదార్థమును విడుదల చేయించుననియు, దాని కలవాటుపడిన మెదడు అది లేనిచో తల్లడిల్లుననియు వారు చెప్పిరి. అమెరికా దేశపు సర్జను జనరలు 1988లో వెలువరించిన నివేదిక, నికోటిను హెరాయిను, కొకెయినులవలెనే మనుష్యుని బంధించునని తేల్చినది. మానినవారి బాధ మొదటి వారమున తీవ్రమై, మూడు నాలుగు వారములలో చాలవరకు తగ్గును.

అట్లయిన నలువది దినములు గడచిన పిమ్మట పడుట యేల? శరీరము మరచినను జ్ఞాపకము మరువదు. భోజనము ముగిసిన వేళ, స్నేహితుల గోష్ఠి, పొగవాసన, మనోవేదన, ఇవన్నియు ఏండ్ల తరబడి చుట్టతో ముడిపడియున్నవి. ఒక్కొక్కటియు దానిని బిలుచును. ఆ "ఒక్కటి" పాత త్రోవను తెరచును. అందుచేతనే పెక్కుమంది పలుమారులు ప్రయత్నించిన గాని దీనిని విడువజాలరు.

ఎన్నడును విడువనని పలికిన పేతురు, ఆ రాత్రియే నిప్పులయొద్ద చలి కాచుకొనుచు తప్పెను. ప్రభువతనిని త్రోసివేయక మరల బిలిచెను. మేమో, మా తండ్రిగారిని త్రోసివేసితిమి! ఇది తెలిసి సిగ్గుపడి, వారిని క్షమాపణ వేడితిమి. వారు కన్నీరు తుడుచుకొని, "ఇంకొకసారి చూతము" అనిరి.

ఇప్పుడు భోజనము కాగానే వారు మాతో గట్టువెంబడి నడచుచున్నారు. వైద్యుని సలహాపై నికోటిను గమ్ము నములుచున్నారు. ఇది వ్రాయునాటికి అయిదు మాసములు నిండినవి. రేపేమగునో మేమెరుగము. వారు మరల తప్పినను, మేము మాత్రము వారితో మాటలాడుట మానము.