కూటమి మారిన కాస్ట్రప్

డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్ నగరానికి దక్షిణంగా, సముద్రాన్ని ఆనుకొని ఆమేగర్ అనే ద్వీపం ఉన్నది. ఆ ద్వీపం మీదనే కాస్ట్రప్ విమానాశ్రయం. 1925 ఏప్రిల్ 20న దీనిని తెరిచారు. పౌర విమానాల కోసమే ప్రత్యేకంగా కట్టిన విమానాశ్రయాలలో ప్రపంచంలోకెల్లా మొదటివాటిలో ఇది ఒకటి. 2025 వేసవిలో బెంగుళూరునుంచి ఆమ్‌స్టర్‌డాం మీదుగా మేము అక్కడ దిగేనాటికి దానికి నిండు నూరేళ్ళు.

విమానం కిందికి వాలేవేళ కిటికీలోనుంచి చూడవలసిన దృశ్యాలు రెండున్నవి. ఒకటి, సముద్రం మధ్య వరుసతీరి నిలబడిన 20 గాలిమరలు. రెండవది, స్వీడను దేశానికి పోయే ఊరెసుండ్ వంతెన. అది స్వీడను ఒడ్డునుంచి బయలుదేరి, కొంత దూరం వచ్చి, సముద్రంలో మునిగిపోయినట్లు కనిపిస్తుంది. అక్కడినుంచి దారి నీటి అడుగున సొరంగంలో సాగుతుంది. 2000 జూలైలో ఇది తెరిచిన తరువాత స్వీడనులోని మాల్మో పట్టణంవారికి కూడా కాస్ట్రప్పే సొంత విమానాశ్రయం అయినది.

లోపల నడవలకు చెక్కనేల పరిచారు. ఆ నునుపైన నేల మీద పెట్టెల చక్రాలు దొర్లే చప్పుడు తప్ప కేకలు, తోపులాటలు లేవు. ఇక్కడి పాత భవనం ఒకదాని కథ మాత్రం చెప్పి తీరవలె. విల్‌హెల్మ్ లారిట్‌జెన్ అనే వాస్తుశిల్పి 1939లో కట్టిన ఆ భవనం, విమానాశ్రయం పెరిగే సరికి దారికి అడ్డమైనది. పడగొట్టడానికి వారికి మనసు రాలేదు. 1999లో ఆ భవనాన్ని అమాంతం చక్రాల మీదికి ఎత్తి, దాదాపు నాలుగు కిలోమీటర్ల దూరం నడిపించి, విమానాశ్రయానికి అవతలి పక్కన కూర్చోబెట్టారు.

అంత పెద్ద భవనం కదలడం అందరికీ కనిపించినది. 2024లో ఇదే కాస్ట్రప్‌లో అంతకంటె పెద్ద కదలిక ఒకటి జరిగినది. అది ఎవరి కంటికీ కనిపించలేదు. ప్రయాణికుల జేబులలోని కార్డులకు మాత్రమే తెలిసినది.

కాస్ట్రప్‌కు ఇంటి కంపెనీ వంటిది స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్. అందరూ ఎస్.ఏ.ఎస్. అంటారు. 1946 ఆగస్టు 1న స్వీడను, డెన్మార్కు, నార్వే దేశాల కంపెనీలు కలిసి దీనిని స్థాపించినవి. మొత్తం ఏడు వంతులలో స్వీడనుకు మూడు, తక్కిన రెండు దేశాలకూ రెండేసి. 1954లో ధ్రువప్రాంతం మీదుగా లాస్ ఏంజెలెస్‌కూ, 1957లో ఉత్తర ధ్రువం మీదుగా టోక్యోకూ దారి తీసిన ఘనత ఈ కంపెనీది. నేటికీ దీని విమానాలకు వైకింగ్ వీరుల పేర్లే పెడతారు.

ఏ విమాన కంపెనీ అయినా అన్ని దేశాలకూ తానే పోలేదు. అందుచేత కొన్ని కంపెనీలు కలిసి కూటములు కట్టుకొన్నవి. కూటమిలో చేరినవారు వియ్యాలవారివంటివారు. ఒకరి ప్రయాణికుడిని మరొకరు తమ చుట్టంగా ఆదరిస్తారు. తరచుగా ప్రయాణించేవారికి కంపెనీ పాయింట్లు ఇస్తుంది. అవి పెరిగితే వెండి కార్డు, ఆపైన బంగారు కార్డు. బంగారు కార్డు చూపితే కూటమిలోని ఏ కంపెనీ విమానానికైనా ముందుగా ఎక్కవచ్చు. అదనంగా ఒక పెట్టె తీసుకొనిపోవచ్చు. తోడుగా ఒకరిని వెంటబెట్టుకొని విశ్రాంతి గదిలో కూర్చోవచ్చు. 1997 మే 14న అయిదు కంపెనీలు స్టార్ అలయన్స్ అనే కూటమిని నెలకొల్పినప్పుడు, ఎయిర్ కెనడా, లుఫ్తాన్సా, థాయ్, యునైటెడ్‌లతోపాటు ఎస్.ఏ.ఎస్. కూడా ఒకటి. మన ఎయిరిండియా 2014 జూలైలో అందులో చేరినది.

అటువంటి ఎస్.ఏ.ఎస్. అప్పులలో చిక్కి, 2022 జూలైలో అమెరికా కోర్టులో రక్షణ కోరినది. 2023 అక్టోబరులో కొత్త పెట్టుబడిదారులు ఎవరో తేలినది. అమెరికాకు చెందిన కాసిల్‌లేక్ 32 శాతం, డెన్మార్కు ప్రభుత్వం 25.8 శాతం, ఎయిర్‌ఫ్రాన్స్-కె.ఎల్.ఎం. 19.9 శాతం వాటాలు తీసుకొన్నవి. పాత వాటాదారులకు, అందులో స్వీడను ప్రభుత్వానికి కూడా, ఏమీ మిగలలేదు. ఎయిర్‌ఫ్రాన్స్, కె.ఎల్.ఎం. రెండూ స్కైటీమ్ అనే మరొక కూటమివి. డబ్బు పెట్టినవారి పంక్తిలోనే కూర్చోవలె గదా! 2024 ఆగస్టు 31తో ఎస్.ఏ.ఎస్. స్టార్ కూటమితో తెగతెంపులు చేసుకొని, మరునాడు స్కైటీమ్‌లో చేరినది. 27 ఏళ్ళ చుట్టరికం ఒక్క రాత్రితో ముగిసినది. 2025 జూలైలో ఎయిర్‌ఫ్రాన్స్-కె.ఎల్.ఎం. తన వాటాను 60.5 శాతానికి పెంచుకోదలచినట్లు ప్రకటించినది.

దీనివల్ల ప్రయాణికుడికి ఏమైనది? ఎస్.ఏ.ఎస్. సొంత కార్డు పేరు యూరోబోనస్. ఆ కార్డుదారుల పాయింట్లు పోలేదు, అంతస్తూ పోలేదు. బంగారు కార్డు స్కైటీమ్‌లో పెద్ద అంతస్తుగా, వెండి కార్డు చిన్న అంతస్తుగా చెల్లుబాటయినవి. కాని దిక్కు మారినది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో కూటమి ద్వారా వచ్చిన మర్యాద ఇప్పుడు పారిస్, ఆమ్‌స్టర్‌డాంలలో లభిస్తుంది. అమెరికాలో యునైటెడ్ స్థానంలోకి డెల్టా వచ్చినది. 2024 వేసవిలో ఎస్.ఏ.ఎస్. కోపెన్‌హాగెన్‌నుంచి డెల్టావారి ముఖ్యస్థానమైన అట్లాంటాకు విమానం ప్రారంభించడం ఈ కొత్త చుట్టరికానికి ముందస్తు తాంబూలమే. సింగపూరు, థాయ్ విమానాలలో ఉచిత ప్రయాణానికని ఏళ్ళ తరబడి పాయింట్లు కూడబెట్టినవారికి మాత్రం లెక్క తలకిందులైనది. సంఖ్య అదే, దానితో కొనగలిగే వస్తువు వేరు.

అసలు చిక్కు రెండవ రకంవారిది. స్టార్ కూటమిలోని ఇతర కంపెనీల కార్డు గలవారు ఎస్.ఏ.ఎస్. విమానమెక్కితే, నిన్నటివరకు చుట్టాలు, నేడు మామూలు బాటసారులు. వారికి కొత్త కూటమిలో ఎవరూ పీట వేయలేదు.

కాస్ట్రప్ నడవలో మాకు తారసపడిన పెద్దవారి దంపతులు ఈ రకంవారే. వారిది ఒరిస్సాలోని బరంపురం. కొడుకు డెన్మార్కు ఉత్తర భాగంలోని ఆల్‌బోర్గ్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్నాడు. ఉద్యోగరీత్యా ఎన్నో ఏళ్ళు తిరిగి పెద్దాయన సంపాదించుకొన్న బంగారు కార్డు స్టార్ కూటమిలోని ఒక కంపెనీది. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా కోపెన్‌హాగెన్ వరకు అది బాగానే పనిచేసినది. కోపెన్‌హాగెన్‌నుంచి ఆల్‌బోర్గ్‌కు ముప్పావుగంట ప్రయాణం మాత్రం ఎస్.ఏ.ఎస్. విమానంలో. ఆ చివరి ముక్కకు కార్డు చెల్లదు. చింతకాయ పచ్చడీ, అరిసెలూ, కందిపొడీ ఉన్న పెట్టెకు విడిగా రుసుము కట్టవలె. మోకాళ్ళ నొప్పితో ఉన్న ఆమె, పోయినసారి విశ్రాంతి గదిలో కాళ్ళు చాచుకొని కూర్చున్నదట. ఈసారి నడవలోని కుర్చీయే దిక్కు.

“మీకు కష్టంగా లేదా అండీ?” అని అడిగాము.

పెద్దాయన నవ్వి, “మాకిది కొత్త కాదండీ. 1936 ఏప్రిల్ 1న మా బరంపురం మద్రాసు రాజధానిలోనుంచి ఒరిస్సాలోకి పోయింది. మా తాతగారి ఇల్లు కదలలేదు, పెరటి బావి కదలలేదు. అర్జీ పెట్టుకోవలసిన కచేరీ మారింది. అంతవరకు మద్రాసు వైపు చూసినవాళ్ళం, ఆ మరునాటినుంచి కటకం వైపు చూశాం. ఇదీ అంతే. కచేరీ ఎక్కడికి పోయిందో కనుక్కున్నవాడు నిలదొక్కుకున్నాడు. పాత కాగితం పట్టుకొని కూర్చున్నవాడు చెడ్డాడు,” అన్నారు.

ఆమె అందుకొని, “కచేరీ మారితే మారింది, నాయనా. ఈ మోకాళ్ళకు ఆ సంగతి ఎవరు చెబుతారు?” అన్నది. ఇద్దరి మాటా నిజమే.

ఆ దంపతుల కొడుకు ఉపాయం ముందే ఆలోచించాడట. ఆమ్‌స్టర్‌డాంనుంచి కె.ఎల్.ఎం. విమానం నేరుగా ఆల్‌బోర్గ్‌కు పోతుంది. వచ్చేసారి ఆ దారిన వస్తే కోపెన్‌హాగెన్‌లో మారే శ్రమ ఉండదు. కాని బంగారు కార్డు ఇంటి బీరువాలోనే ఉంటుంది. కొత్త కూటమిలో పాయింట్లు ఒకటినుంచి లెక్కపెట్టుకోవలె. డెబ్బదేళ్ళ వయస్సులో మళ్ళీ బంగారు కార్డు సంపాదించేటంత ప్రయాణం ఎవరు చేస్తారు?

కొత్త ఇంటికి అలవాటు చేయడానికి కంపెనీలు ఆశలు కూడా చూపుతవి. 2024 అక్టోబరు 8నుంచి డిసెంబరు 31లోగా స్కైటీమ్‌లోని 15 కంపెనీల విమానాలలో ప్రయాణించినవారికి పది లక్షల పాయింట్లు ఇస్తామని ఎస్.ఏ.ఎస్. ప్రకటించినది. దాని కోసం మూడు నెలలలోపు ఖండాలు చుట్టివచ్చినవారున్నారు. అది తీరికా, డబ్బూ ఉన్నవారి వేడుక. ఏడాదికొకమారు మనుమలను చూడబోయేవారికి దానివల్ల ఒరిగేది లేదు.

ఇది ఎస్.ఏ.ఎస్. ఒక్కదాని కథ కాదు. 2009 అక్టోబరులో కాంటినెంటల్ స్కైటీమ్‌ను వదిలి స్టార్‌లో చేరినది. 2014 మార్చిలో యు.ఎస్. ఎయిర్‌వేస్ స్టార్‌ను వదిలి వన్‌వరల్డ్‌లో చేరినది. 2025లో లుఫ్తాన్సా 41 శాతం వాటా కొన్న తరువాత ఇటలీ కంపెనీ ఐ.టి.ఎ. స్కైటీమ్‌కు సెలవు చెప్పినది. ప్రతిచోటా ఒకటే సూత్రం: యాజమాన్యమో పెట్టుబడో మారితే కూటమి మారుతుంది. పత్రికలలో విమాన కంపెనీ వాటాల వార్త చూస్తే, అది షేరు మార్కెట్టువారికే సంబంధించినదని పుట తిప్పవద్దు.

బెంగుళూరు, చెన్నై, ముంబయి, బరంపురం, యానాం, ఎక్కడ స్థిరపడినా మన కుటుంబాలలో ఎవరో ఒకరి పిల్లలు ఇప్పుడు సముద్రాల అవతల ఉన్నారు. కాబట్టి రెండు మాటలు మనవి చేస్తాము. పాయింట్లు బ్యాంకులో దాచిన సొమ్ము కావు. అవి ఒకరి మాట మీద నిలిచిన మర్యాద. చాలినన్ని కాగానే ఆలస్యం చేయక వాడుకోవలె. ఇక టిక్కెట్టు కొనేటప్పుడు మన కార్డు ఏ కంపెనీదో చూసి ఊరుకోరాదు. పిల్లలున్న ఊరికి చివరి విమానం ఎవరిదో, వారు నేడు ఏ కూటమిలో ఉన్నారో విచారించవలె. పెద్ద నగరాలకు పదిమంది పోతారు, ఒకరు కాకపోతే మరొకరు. ఆల్‌బోర్గ్ వంటి ఊళ్ళకు పోయేవారు ఇద్దరో ముగ్గురో. కూటమి మార్పు దెబ్బ ముందుగా తగిలేది అక్కడే.

ఆ సాయంత్రం ఆల్‌బోర్గ్ విమానానికి పిలుపు వచ్చినప్పుడు, చేతిసంచీలు రెండూ పెద్దాయనే భుజాన వేసుకొన్నారు. కార్డు ఉన్నా లేకున్నా అవతల కొడుకు ఎదురుచూస్తున్నాడు. ఆమె లేచి, మోకాలు సవరించుకొని, ఆ చెక్కనేల మీద మెల్లగా నడిచి వెళ్ళినది.