మా యింటి పుల్లపురుగు

మా నివాసము సైనిక్‌పురిలో. పెరటిలో నొక జామచెట్టు కలదు. గడచిన ఆషాఢమున, వాన వెలసిన పిమ్మట, నేను జామకొమ్మను వంచగా నందలి యెండుపుల్ల యొకటి నడచెను! అది పుల్ల గాదు, రెండంగుళముల పుల్లపురుగు. ముందుకాళ్లు రెండును తిన్నగా జాచి, గాలికి కొమ్మ యూగునట్లు తానుగూడ నూగుచుండెను. దానిని గాజుసీసాలో నుంచి, మూతికి పలుచని గుడ్డ కట్టి, దినదినమును లేత జామాకుల నిచ్చుచుంటిని. పగలెల్ల కదలదు, రాత్రి మేయును.

ఇక నా యపరాధము చెప్పవలెను. ఒక రాత్రి అది తలక్రిందుగా వ్రేలాడుచు కుబుసము విడుచుచుండెను. కాలొకటి పాతచర్మమున చిక్కుకొన్నదని తలచి, జాలితో సూదిమొనతో లాగితిని. కాలూడి వచ్చెను. "తొందరపడితివి, తల్లీ! దాని పని దానిని చేసికొననీయ వలసినది" అని తాతగారనిరి. అంతకంటె నేమియు ననలేదు. నాకు నిద్ర పట్టలేదు. ఉదయమున జూడగా నది యైదుకాళ్లతో నిలిచి, విడిచిన కుబుసమునే తినుచుండెను. మరుసటి కుబుసము విడిచినప్పుడు, ఊడినచోట చిన్నకాలు కనబడెను! సీతాకోకచిలుకవలె దీనికి గూటిలో నిద్రించు దశ లేదు. పుట్టుకతోనే తల్లిరూపము, కుబుసము విడిచినప్పుడెల్ల పెరుగును. ఎదుగుట ముగిసినచో కుబుసమును లేదు, క్రొత్తకాలును లేదు. నా తప్పు దాని బాల్యమున జరుగుట నా యదృష్టము.

కార్తీకమున సీసా యడుగున చిన్నచిన్న గింజలు కనబడినవి. అమ్మ వానిని చెత్త యనుకొని పారవేయబోవుచుండగా, తాతగారు భూతద్దముతో జూచి, ప్రతిదానికిని చిన్నమూత కలదని చూపిరి. గ్రుడ్లు! మగదానిని చూడకయే పెట్టినది. ఇది వింత గాదని మా యుపాధ్యాయులు చెప్పిరి. నేడు పలుదేశముల పాఠశాలలలో పెంచుచున్న పుల్లపురుగు మన దక్షిణదేశపు పళనికొండలలోని షెంబగనూరు జాతియే. దానిని 1901లో రొబేర్ ద సినేటీ యను జెసూటు ఫాదరు వర్ణించిరి. అందు మగవి మిక్కిలి యరుదు. ఆడవి యొంటరిగానే వందలకొలది గ్రుడ్లను నేలకు జారవిడుచును. కొన్ని జాతుల గ్రుడ్లను, మూతపైనున్న బుడిపె కాశపడి, చీమలు పుట్టలోనికి మోసికొనిపోవును. బుడిపె తిని గ్రుడ్డును విడిచివేయును. తాము చేసిన యుపకారము చీమలకే తెలియదు!

పుష్యమున తల్లి మరణించెను. గ్రుడ్లను కొంచెము తడిసిన యిసుకపై నుంచితిని. ఫాల్గుణమున నొక వేకువ మూత యొకటి లేచి, దారమువంటి పిల్ల వెలికి వచ్చెను. వెనుకకాలు పెంకులో చిక్కియుండెను. నేను చేతులు వెనుకకు గట్టుకొని నిలుచుంటిని. కొంతసేపటికి అది, పెంకు నీడ్చుకొనుచునే, జామాకు నెక్కెను.