ఖాళీ ఇంట్లో మంచం

ఖాళీ గది ఉన్నదానికంటే చిన్నగా కనిపిస్తుంది. వింతే గానీ నిజం. పది బై పదకొండు పడగ్గదిలో ఏమీ లేకపోతే కంటికి కొలత దొరకదు. గోడ మీద మేకు గుర్తులు, స్విచ్‌బోర్డు చుట్టూ వేలి మరకలే ఎదురొస్తాయి. అదే గదిలో ఆరు బై ఆరున్నర మంచం వేసి చూపిస్తే, పక్కన బీరువాకు చోటుందో లేదో కొనేవాళ్లకే తెలిసిపోతుంది. అందుకే అమ్మే ఇంటిని సర్దిపెట్టడాన్ని మోసం అనను. పెళ్లిచూపుల ముస్తాబులాంటిదే, అసలు రూపు దాస్తుంది కదా అంటారు. మంచం అసలు కొలతదైతే దాచేదేముంది? చెమ్మ మరక మీద రంగు పూస్తే మాత్రం అది సర్దడం కాదు.

పేచీ మోడల్ ఫ్లాట్లతోనే. కొన్నిటిలో మంచం పొట్టిది, గది తలుపులు తీసేసి ఉంటాయి, గోడంతా అద్దమే. (ఫ్రిజ్ ఉండాల్సిన చోట పూలకుండీ ఉంటే ఇంకాస్త అనుమానించాలి.) మోడల్ ఫ్లాట్‌ను నమ్మి అడ్వాన్సు కట్టినవాళ్లు తప్పుడు వివరాల వల్ల నష్టపోతే బిల్డరు పరిహారం ఇవ్వాలని 2016 నాటి రెరా చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. ఆ బాధ్యత బిల్డరుదే. సొంత ఫ్లాటు తిరిగి అమ్ముకునే ఓనరుకు అది వర్తించదు. అక్కడికి టేపు మీరే పట్టుకెళ్లండి, గదితోపాటు మంచాన్నీ కొలవండి.