పరాయి బరి

నీటిలోని మొసలిని గూర్చి వేమన చెప్పినది తెలుగువారందరూ ఎరిగినదే. మొసలి స్థానబలం దాని పట్టులో కనబడుతుంది. ముష్టియుద్ధంలో మాత్రం ఆ బలం ఒక్కొక్కసారి తీర్పరి వ్రేలికొనలో చేరుతుంది. పరాయి గడ్డపై బరిలో దిగే వీరునికి అసలు గండం అదే.

1988 సియోల్ ఒలింపిక్సు ఫైనల్లో అమెరికావాడు రాయ్ జోన్స్ జూనియర్, ఆతిథేయ కొరియావాడు పార్క్ సీ-హున్ తలపడ్డారు. తగిలిన దెబ్బల లెక్క జోన్సుకు 86, పార్కుకు 32. తీర్పు మాత్రం 3-2తో పార్కుదే! అతనివైపు మొగ్గిన ముగ్గురూ ఉరుగ్వే, మొరాకో, ఉగాండా దేశస్థులు. తీర్పరి ఆ ఊరివాడే కానక్కరలేదు, ఊరి గాలి సోకితే చాలునన్నమాట.

2014లో ఇంచియాన్ ఏషియన్ క్రీడల సెమీఫైనల్లో మన మణిపురి వనిత సరితాదేవి కొరియా యువతి పార్క్ జి-నా చేతిలో ఓడినట్లు ప్రకటించారు. ఆమె కన్నీటితో తన కాంస్యపతకాన్ని ప్రత్యర్థి మెడలోనే వేసింది. తరువాత క్షమాపణ చెప్పుకొన్నా ఏడాది నిషేధం తప్పలేదు.

పాయింట్లపై నమ్మకం పోయిన మల్లునికి మిగిలే దారి ఎదిరిని పడగొట్టడమొక్కటే. అందుకై కాపు వదలి మీదికి దూకాలి. అలా దూకినవాడికే దెబ్బ తగులుతుంది.

ఒంటికి తగిలే దెబ్బకన్న లోతైనది మరొకటున్నది. ఒకప్పుడు మా విద్యార్థినొకనిని పద్యపఠన పోటీకి పొరుగూరికి తీసుకొనివెళ్ళాను. యతిస్థానం చెడకుండ, ఊపిరి తప్పకుండ చదివాడు. బహుమతులు మూడూ ఆతిథేయ పాఠశాలకే పోయాయి. తిరుగు బస్సులో వాడు, "ఐవారూ, నేను యాడ తప్పు పోయినానో చెప్పండి" అని అడిగాడు. తప్పేదీ లేదన్నాను, వాడు నమ్మలేదు. ఇల్లు చేరేదాకా ఆ పద్యాన్నే లోలోపల తడుముకొంటూ కూర్చున్నాడు. అన్యాయపు తీర్పు పిల్లవానిచేత లేని తప్పును వెదికిస్తుంది.

మా విడపనకల్లు నుండి బళ్ళారి దాటి పోతే హంపి. శ్రీనాథుడు పరాయివాడుగా ప్రౌఢదేవరాయల కొలువుకు వెళ్ళి, అక్కడి ఆస్థానకవి డిండిమభట్టును వాదంలో గెలిచి, అతని కంచుఢక్కను పగులగొట్టించాడని ప్రసిద్ధి. సభ వారిది, ఢక్క వారిది, తీర్పూ వారిదే. అయినా గెలుపు అతిథికి దక్కింది, కనకాభిషేకమూ జరిగింది. నా దృష్టిలో ఆ కథలో శ్రీనాథుని పాండిత్యమెంత గొప్పదో ఆ సభ పెద్దరికమూ అంతే గొప్పది.

నిజామాబాదు ఆడపడుచు నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్లోనూ, 2023లో ఢిల్లీలోనూ 5-0తో ప్రపంచ విజేత అయినప్పుడు మనమందరం ఉప్పొంగాము. ఢిల్లీ ఫైనల్లో అతిథి వియత్నాం యువతి. నిఖత్ స్పష్టంగా గెలిచింది గనుక మనకు పరీక్ష ఎదురుకాలేదు. పోరు వెంట్రుకవాసిలో ఉన్నప్పుడు అతిథిపక్షాన నోరు విప్పగలమా? సరిత కోసం కోపించిన మనం ఈ ప్రశ్న వేసుకోవాలి.

పక్షపాతం గెలిచినవానికీ మేలు చేయదు. పార్క్ సీ-హున్ ఆ స్వర్ణపతకంతో ఏళ్ళ తరబడి నిందలు మోశాడు. కడకు 2023లో అమెరికాలోని పెన్సకోలాకు స్వయంగా వెళ్ళి, పతకాన్ని జోన్సు చేతిలో పెట్టాడు. ముప్పయి అయిదేళ్ళకు ఆ తీర్పును దిద్దినవాడు దానివల్ల గెలిచినవాడే.