మా మచ్చుకత్తికి కొత్త తోక

మా నాయన హోసూరులో ఎళనీరు బండి పెట్టుకున్నాడు. ఎళనీరంటే కొబ్బరి బోండాలే, మా పక్క అందరమూ ఇట్లే అంటాము. ఈ వ్యాపారానికి తక్కెడ అక్కరలేదు, పొయ్యి అక్కరలేదు. కత్తి మాత్రం ఉండాలి. అది లేకపోతే బండి మీద నూరు కాయలున్నా ఒక్కటీ అమ్ముడుపోదు.

మా కత్తి తాత కాలంనాటిది. లారీ కమాను పట్టీని కాల్చి కొట్టించిన మచ్చుకత్తి. బిందెల మీద పేరు కొట్టినట్టు, పిడికి దగ్గరగా తాత పేరులోని రెండు అక్షరాలు చుక్కలు చుక్కలుగా ఉండేవి. తెలుగు అక్షరాలే. తాత పోయి ఆరేళ్లయింది. ఆయుధ పూజ నాడు అవ్వ మొదటి కుంకుమ బొట్టు ఆ కత్తికే పెడుతుంది.

పోయిన ఎండాకాలంలో, బేరం బాగా జరిగే రోజుల్లో, అది పిడి దగ్గర పుటుక్కున విరిగింది. పిడిలోకి దిగే సన్నని ఇనుప భాగాన్ని మా ఇంట్లో తోక అంటాము. ఆ తోక లోపలే నిలిచిపోయింది, అలుగు చేతికి వచ్చేసింది. నాయన వెంటనే వెల్డింగు షాపుకు పరిగెత్తాడు. పది నిమిషాల్లో అతికించి ఇచ్చారు. మూడో రోజు కాయ కొడుతుంటే మళ్లీ విరిగి, అలుగు గిర్రున ఎగిరి బండి చక్రం దగ్గర పడింది. అంతకు ముందు నిమిషం వరకు అక్కడ ఒక చిన్న పాప నిలబడి ఎళనీరు తాగుతూ ఉండింది. వాళ్లమ్మ పిలిస్తే అప్పుడే ఆటో ఎక్కింది. ఆ రోజు నాయన మధ్యాహ్నమే బండి తోసుకొని ఇంటికి వచ్చేశాడు. రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు.

మరుసటి రోజు సంతలో ఒక కొత్త కత్తి కొన్నాడు. అది తేలిక. కాయ మీద దిగడానికి బరువు చాలదు, మూడు దెబ్బలకు అయ్యే పని ఆరు దెబ్బలైంది. వారం తిరిగేసరికి నాయన భుజం పట్టేసింది. అప్పుడు అవ్వ, "ఆ పాతదాన్ని ఆచారి దగ్గరికి ఎత్తుకొని పోండిరా" అనింది.

బాగలూరు దారిలో ఇంకా కొలిమి నడుపుతున్న కమ్మరి తాత ఒకాయన ఉన్నాడు. అందరూ ఆచారి అనే పిలుస్తారు. మాకు బడి సెలవులు కాబట్టి నేనూ వెళ్లాను. ఆయన మొదట విరిగిన చోటే చూశాడు. నాకూ చూపించాడు. "చూడప్పా, వెల్డింగు ఊడలేదు. దాని పక్కన విరిగింది" అన్నాడు. నిజమే, అతుకు గట్టిగానే ఉంది. కమాను పట్టీ మామూలు మెత్తని ఇనుము కాదు, అందులో కార్బన్ ఎక్కువ. వెల్డింగులో బాగా ఎర్రబడి, వెంటనే చల్లారితే అతుకు పక్క భాగం గాజులాగ పెళుసవుతుంది.

తరువాత పిడిని చీల్చి, లోపల నిలిచిపోయిన పాత తోకను బయటికి తీశాడు. దాని మొదటి విరుపులో ముక్కాలు భాగం నల్లగా తుప్పు పట్టి ఉంది, కొసన కొంచెం మాత్రం తెల్లగా మెరుస్తూ ఉంది. అంటే ఎప్పుడో పగులు పట్టింది. పిడి సందులోంచి ఎళనీరు లోపలికి ఇంకి ఇంకి తోకను తినేసింది. మిగిలిన కొంచెం ఆ రోజు తెగింది. "నేను గట్టిగా కొట్టినందుకేనేమో" అని అన్ని రోజులు బాధపడిన నాయన ముఖం అప్పుడు కొంచెం తేటపడింది.

ఇంక ఒకటే దారి. అలుగు వెనక భాగాన్నే కాల్చి, సాగగొట్టి, కొత్త తోక తీయాలి. కత్తి రెండంగుళాలు పొట్టిదవుతుంది. తాత అక్షరాలు ఉన్నది కూడా సరిగ్గా ఆ రెండంగుళాల్లోనే. నాయన ఏమీ మాట్లాడలేదు. నా ఫోనులోంచి అవ్వకు ఫోను చేసి విషయం చెప్పాడు. అవ్వ కొంచెం సేపు ఊరకే ఉండి, "కాయ కొట్టేది కత్తా, పేరా? కానీమను" అనింది. కాల్చే ముందు నేను ఆ అక్షరాల మీద నోటుబుక్కు కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దుకున్నాను. చుక్కలన్నీ కాగితం మీద పడ్డాయి.

పదును పోకుండా అలుగుకు తడి గోనె చుట్టి, వెనక భాగాన్ని మాత్రం కొలిమిలో పెట్టారు. తిత్తి స్థానంలో ఇప్పుడు కరెంటు బ్లోయరు వచ్చింది. ఆచారి పట్టకారుతో దాగలి మీద పట్టుకుంటే నాయన సమ్మెట వేశాడు. నేను గోనె మీద నీళ్లు పోస్తూ ఉన్నాను. మొదటి నాలుగు దెబ్బలకే అక్షరాలు మాయమైనాయి. తోక ఐదంగుళాలు సాగినాక మళ్లీ ఎర్రగా కాల్చి బూడిదలో పూడ్చేశారు. రాత్రంతా మెల్లగా చల్లారితే మెత్తబడుతుందట. అలుగు గట్టిగా, తోక మెత్తగా ఉండాలి. రెండూ గట్టిగా ఉంటే ఏదో ఒక రోజు దెబ్బకు విరుగుతుంది.

రెండో రోజు ఆకురాయి పని. తోక మొదలయ్యే చోట మూల పదునుగా ఉండకూడదని గుండ్రని ఆకురాయితో వంపు తీశాడు. పగులు మొదలయ్యేది మూలలోనే. పదో తరగతి సైన్సులో బల భ్రామకం పాఠం చదివినప్పుడు నాకు ఈ చోటే గుర్తుకు వచ్చింది, ప్రతి దెబ్బ భారమూ చివరికి అక్కడికే చేరుతుంది కదా.

పిడికి చింతకొయ్య. సన్నగా తూటు వేసి, తోక కొసను కాల్చి దింపితే కొయ్య పొగలు కక్కుతూ తనకు తానే దారి ఇచ్చింది. తరువాత లక్క పొడి నింపి, తోకను మళ్లీ కొంచెం వేడి చేసి నొక్కాడు. కరిగిన లక్క సందులన్నీ నింపి గట్టిపడింది. ఇంక నీళ్లు దిగవు. పిడి మూతికి రోకలికి వేసినట్టు ఇనుప పొన్ను వేశాడు. వెనక బయటికి వచ్చిన తోక కొసను చల్లగానే సుత్తితో మడిచేశాడు. బూడిదలో మెత్తబడింది కాబట్టే మడిగింది. పిడి వదులైనా అలుగు ఇక ఎగిరిపోదు.

నాలుగు వందలు తీసుకున్నాడు. రెండు రోజుల పనికి అది తక్కువే అని నా అభిప్రాయం.

కత్తి పొట్టిదైంది, మునుపటికంటే ఒక దెబ్బ ఎక్కువ పడుతుంది. నాయన ఆ లెక్క రెండు రోజుల్లో అలవాటు చేసుకున్నాడు. కాగితం మీది అక్షరాలను అవ్వ తాత ఫోటో వెనక దోపింది. పిడి చూసే పని ఇప్పుడు నాది. ప్రతి ఆదివారం కత్తి కడిగి తుడిచి, పొన్ను కదులుతోందేమో, లక్క ఎక్కడైనా పగిలిందేమో వేలితో తడిమి చూసి, ఆముదం రాసి పెడతాను.