పసుపు కొమ్ము – మోకాలి నొప్పి

తెలుగువారి పసుపు, ఉర్దూవారి హల్దీ, యునానీ హకీముల జర్ద్ చోబ్ – పేర్లు మూడైనను కొమ్ము ఒక్కటే. నిజామాబాదు, దుగ్గిరాల మార్కెట్లలో రాశులుగా పోసిన పసుపు నేడు మందుల దుకాణములలో గుళికల రూపమున కూడ దర్శనమిచ్చుచున్నది. కీళ్ళ అరుగుదలకు అది మేలుచేయునా అన్నది ప్రశ్న.

మా యిండ్లలోని పెద్దలకు మోకాలి నొప్పి ఉత్త దేహబాధ కాదు. సజ్దాకు వంగలేక కుర్చీలో కూర్చుండి నమాజు చేయవలసి వచ్చినపుడు వారి ముఖములలో తోచే వెలితిని మేమెరుగుదుము. అట్లు చేయుటకు మతము అనుమతించినను మనసు సమాధానపడదు. అందుకే ఎవరు ఏ గుళిక పేరు చెప్పినను ఆశతో చేయి చాపుదురు.

ఆ ఆశ నిరాధారము కాదు. పసుపులోని కర్కుమిన్‌కు వాపును తగ్గించు గుణము కలదు. థాయ్‌లాండులో 367 మంది మోకాలి రోగులపై జరిపి 2014లో ప్రకటించిన పరిశోధనలో, నాలుగు వారములపాటు రోజుకు 1500 మిల్లీగ్రాముల పసుపు సారము 1200 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్‌తో ఇంచుమించు సమానముగా పనిచేసినది. 2020లో వెలువడిన ఆస్ట్రేలియా పరిశోధనలో 70 మందిని 12 వారములు పరీక్షింపగా, నొప్పి తగ్గినది గాని కీలు లోపలి స్థితిలో మార్పు కానరాలేదు. అనగా ఇది నొప్పికి ఉపశమనమే గాని అరిగిన మృదులాస్థిని తిరిగి మొలిపించు మందు కాదు.

ఇక కూరలో వేయు పసుపు సంగతి. అందులో కర్కుమిన్ నూటికి సుమారు మూడు పాళ్ళు మాత్రమే. అదియు రక్తములో సులభముగా కలియదు. మిరియాలలోని పైపెరిన్ తోడైనచో గ్రహింపు అనేక రెట్లు పెరుగునని 1998లో బెంగుళూరు పరిశోధకులు చూపిరి. పసుపు పాలలో మిరియాల పొడి కలిపిన మన నానీలకు, అమ్మమ్మలకు ఈ లెక్కలు తెలియవు. జోడింపు మాత్రము తెలియును.

అయితే గ్రహింపు పెరిగినచో ప్రమాదమును పెరుగవచ్చును. ఇట్టి గుళికలు వాడిన కొందరికి కాలేయము దెబ్బతిన్నట్లు ఇటలీ, అమెరికా వైద్యులు నమోదు చేసినారు. రక్తము పలుచబడుటకు మందులు వాడువారు, పిత్తాశయములో రాళ్ళున్నవారు మరింత జాగ్రత్త వహింపవలెను.

“పసుపే కదా” అని పెద్దలు ఈ సంగతి డాక్టరుకు చెప్పరు. చదువుకొన్న మనమే సీసాపై వ్రాసినది వారికి చదివి వినిపించవలెను. ఆ సీసాను డాక్టరుకు చూపవలెను. బరువు తగ్గుటకు, తొడ కండరములు బలపడు వ్యాయామము చేయుటకు వారికి తోడుండవలెను. ఇది మనము వారికి చేయగల నిజమైన ఖిద్మత్.